డీప్‌ఫ్రిజ్ బీరు చెయ్యదు, అల్లుడూ

మొన్న మాఘంలో చిలకలూరిపేటలో మా చుట్టాలింట పెళ్ళయింది. భోజనాలయ్యాక షామియానా కింద కుర్చీలు లాక్కుని చుట్టూ కూర్చున్నాం. డాలస్ నుంచి వచ్చిన ఒకబ్బాయి, నాకు మేనల్లుడి వరస, మంచి ఊపు మీదున్నాడు. "మావయ్యా, అక్కడ మా గరాజ్‌లో పాత డీప్‌ఫ్రిజ్ ఒకటి పడేసుకున్నా. బీరు అందులోనే పులియబెడతా. ఇక్కడైతే ఇంకా తేలిక. గుంటూరులో ఐస్‌క్రీం షాపులవాళ్ళు పాతవి తుక్కు రేటుకిచ్చేస్తారు. నాబు ఒకటి మీద పెట్టి, డ్రమ్ము లోపల దించి, మూత వెయ్యడమే. రోహిణీ కార్తె అయినా భయం లేదు" అన్నాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు కుర్చీలు ఇంకాస్త ముందుకు జరుపుకున్నారు.

పక్కనే ఉన్న ఒక పెద్దాయన వక్కపలుకు బుగ్గన పెట్టుకుని, "ఇంట్లో కాచింది తాగితే కళ్ళు పోతాయిరా. కురిచేడులో ఏమైందో మర్చిపోయారా?" అని కసిరాడు.

ఇద్దరు చెప్పిందీ తప్పే. పెళ్ళిలో గొడవెందుకని ఊరుకున్నాను. కానీ పది రోజులు తిరక్కుండా ముగ్గురు కుర్రాళ్ళు విడివిడిగా వచ్చి, "బాబాయ్, పాత డీప్‌ఫ్రిజ్ ఏదన్నా ఉంటే చూసిపెట్టవా" అనడిగారు. ముప్పయ్యేళ్ళు గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో మిషన్ల దగ్గర బతికినవాణ్ణి. చల్లదనం గురించి ఎవరన్నా అబద్ధం చెబితే నాకు అన్నం అరగదు. అందుకే ఈ ఖండన.

ముందు ఆ నాబు సంగతి. డీప్‌ఫ్రిజ్ తయారయ్యేది సరుకును సున్నాకి 18 డిగ్రీల దిగువన గడ్డకట్టించి ఉంచడానికి. నాబు మీదున్న అంకెలన్నీ సున్నాకి కిందివే. ఒకటి మీద పెడితే తక్కువ గడ్డ, ఏడు మీద పెడితే ఎక్కువ గడ్డ, అంతే తేడా. బీరులో ఏల్ రకానికి వాడే ఈస్టుకి 18 నుంచి 22 డిగ్రీలు కావాలి. లాగర్ రకానికి 8 నుంచి 13. రెండూ సున్నాకి పైనే ఉన్నాయి కదా? నా మాట నమ్మొద్దు. నేనూ ఎవరి మాటా నమ్మను కాబట్టి పెట్టి చూశాను. ఒక ఐస్‌క్రీం షాపు నుంచి తెచ్చిన పాత పెట్టె, 20 లీటర్ల తెల్ల డ్రమ్ములో కుళాయి నీళ్ళు, నాబు ఒకటి మీద. తెల్లారి మూత తీసేసరికి డ్రమ్ము అంచు చుట్టూ గాజుపెంకులా మంచు పట్టి ఉంది. ఆ చలిలో ఈస్టు పులియబెట్టదు, ముడుచుకుని అడుక్కి చేరి నిద్రపోతుంది.

మరి డాలస్‌లో ఎలా పులుస్తోంది? ఫోన్ చేసి అడిగాను. "దానికో చిన్న కంట్రోలర్ డబ్బా ఉంటుందిగా మావయ్యా, అది ఎటూ పెట్టుకోవాల్సిందే" అన్నాడు. చూశారా! పెళ్ళిలో డీప్‌ఫ్రిజ్ గురించి పావుగంట చెప్పినవాడు అసలు సంగతిని "ఎటూ" అనే ఒక్క మాటలో మింగేశాడు. కథంతా ఆ డబ్బాలోనే ఉంది. డీప్‌ఫ్రిజ్ సొంత కటాఫ్ ఇక్కడ పనికిరాదు. గోడ ప్లగ్గుకీ డీప్‌ఫ్రిజ్ వైరుకీ మధ్య వేరే టెంపరేచర్ కంట్రోలర్ పెట్టాలి. ఎస్‌టీసీ-1000 లాంటివి ఎలక్ట్రానిక్స్ కొట్లలో దొరుకుతాయి. దాని సెన్సర్ వైరు లోపలికి వెళ్తుంది. మనం పెట్టిన డిగ్రీ దాటగానే కంప్రెసర్‌కి కరెంటిస్తుంది, దిగగానే తీసేస్తుంది. అంటే డీప్‌ఫ్రిజ్ ఇక్కడ కూలిమనిషి. మేస్త్రీ ఆ డబ్బా. మేస్త్రీ లేకుండా కూలీని పనిలోకి దించి, గోడ వంకరొచ్చిందని ఏడిస్తే లాభమేంటి?

ఇక సెన్సర్ ఎక్కడ పెట్టాలన్నది. దీని మీదే నాకు ఎక్కువ కోపం. డబ్బా కొన్నవాళ్ళలో కూడా చాలామంది దాన్ని లోపల గాలిలో వేలాడదీస్తారు. మిర్చి యార్డు చుట్టుపక్కల పనిచేసిన హమాలీనడిగితే ఇది ఎందుకు తప్పో చెబుతాడు. ఏప్రిల్ ఎండలో లారీ దిగిన మిర్చి టిక్కీలు (బస్తాలు) ఛాంబర్‌లోకి వెళ్తాయి. గోడ మీటరు పది డిగ్రీల లోపలే చూపిస్తుంటుంది. కానీ నెట్టు మధ్య టిక్కీలో చెయ్యి దూర్చి చూడు, రెండు మూడు రోజుల తర్వాత కూడా కాయ వెచ్చగానే తగులుతుంది. గాలి చల్లబడినంత మాత్రాన సరుకు చల్లబడినట్టు కాదు. ఎండుమిర్చి పాపం ఊరికే కూర్చుంటుంది. పులుస్తున్న బీరు అలా కూర్చోదు, తనంతట తనే వేడి పుట్టిస్తుంది. 20 లీటర్ల మామూలు గాఢత బార్లీ రసంలో ఈస్టు తినే చక్కెర సుమారు కిలోన్నర. ఆ చక్కెర సారాగానూ గ్యాస్‌గానూ మారేటప్పుడు వచ్చే వేడి ఎటూ పోకుండా డ్రమ్ములోనే ఉండిపోతే రసం పది డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. బయటికి పోయేది పోగా, పులియడం జోరుగా ఉన్న రోజుల్లో గాలికంటే డ్రమ్ము నాలుగైదు డిగ్రీలు ఎక్కువుంటుంది. మీటరు మీద 20 చూసుకుని మురిసిపోతుంటే, డ్రమ్ములో 25 నడుస్తూ ఉంటుంది.

కాబట్టి సెన్సర్‌ని డ్రమ్ము పక్కకి ఆనించి, మీద మందపాటి ఫోమ్ ముక్క వేసి, గట్టిగా టేపు చుట్టాలి. మూత మధ్యలో నుంచి దిగే స్టీలు గొట్టంలో పెడితే ఇంకా మంచిది. దీనికీ ఒక మెలిక ఉంది. నీళ్ళ డ్రమ్ముతోనే చూశాను. 20 మీద కటాఫ్ పెడితే, నీళ్ళు 20కి దిగేలోపు పెట్టె గోడలు మంచు పట్టిపోయాయి. కంప్రెసర్ ఆగాక కూడా ఆ గోడల్లో మిగిలిన చలి నీళ్ళని ఇంకో రెండు డిగ్రీలు కిందికి లాగింది. అందుకని మొదటిరోజు కాస్త పైన పెట్టి మెల్లగా దించుకోవాలి. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు, పక్కన స్టూలేసుకుని కూర్చుని చూస్తే తెలిసేది.

కంప్రెసర్‌కి విశ్రాంతి కావాలన్న మాట కూడా మా మేనల్లుడు చెప్పలేదు. ఆగిన వెంటనే మళ్ళీ స్టార్ట్ చేస్తే లోపల రెండు వైపులా ప్రెషర్ ఇంకా సమం కాక మోటారు మూలుగుతుంది, ఓవర్‌లోడ్ పడుతుంది, వైండింగ్ కాలుతుంది. కంట్రోలర్‌లో కనీసం మూడు నాలుగు నిమిషాల ఆలస్యం పెట్టాలి. ఇక పల్నాడు పల్లెల్లో పొలం మోటార్లన్నీ ఒకేసారి ఆన్ అయ్యే వేళ వోల్టేజీ ఎంతుంటుందో వేరే చెప్పక్కర్లేదు. స్టెబిలైజర్ లేకపోతే పని గోవిందా. డీప్‌ఫ్రిజ్ వెనక రేకు మీద చిన్న అక్షరాల్లో "టి" అని ఉందేమో చూసుకోండి. టి తరగతి పెట్టెలు బయట 43 డిగ్రీల దాకా పనిచేసేలా తయారౌతాయి. రెంటచింతలలో మే నెలలో వరండాలో పెట్టారంటే ఆ లెక్క కూడా దాటిపోతుంది. గరాజ్ వేరు, మన వరండా వేరు.

ఇక్కడ చలికాలం రాత్రుళ్ళ గురించి ఒక్క ముక్క. గుంటూరులో జనవరి తెల్లవారుజామున 18 దరిదాపులకి దిగుతుంది. ఆ రాత్రుళ్ళు డీప్‌ఫ్రిజ్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు. పెళ్ళి మాఘంలో కాక వైశాఖంలో జరిగుంటే, ఆ షామియానా కింద చెమటలు కారుస్తూ ఆ మాటలు అంత ధీమాగా చెప్పేవాడా అని నా అనుమానం.

వైరు లోపలికి పోవడానికి "పక్కన చిన్న బెజ్జం వేసుకోవచ్చు" అని కూడా అన్నాడు. ఒరేయ్ నాయనా! పెట్టె తరహా డీప్‌ఫ్రిజ్‌లలో చాలావాటికి వేడి వదిలే కాయిల్ వెనక కనపడదు. పక్క రేకుల లోపల, ఫోమ్ వెనకాల అతికించి ఉంటుంది. మిషను నడిచేటప్పుడు పక్కన చెయ్యిపెడితే వెచ్చగా తగిలేది అందుకే. నరసరావుపేట వైపు ఒక కుర్రాడు డ్రిల్లు పెట్టి తిప్పాడు. బుస్సుమని శబ్దం, పామేమోనని నాలుగడుగులు వెనక్కి గెంతాడట. పాము కాదు, గ్యాస్ మొత్తం పోయింది. ఈమధ్య వస్తున్న పెట్టెల్లో ఆర్600ఎ గ్యాస్ ఉంటుంది. అది ఐసోబ్యూటేన్, వంటగ్యాస్‌కి దగ్గరి చుట్టం, నిప్పు తగిలితే అంటుకుంటుంది. బెజ్జం తప్పనిసరైతే మూతకి వేసుకోవాలి, అదీ వైర్లు లేనిచోట చూసుకుని. అసలు సన్నని సెన్సర్ వైరుకి బెజ్జమే అక్కర్లేదు, రబ్బరు బీడింగ్ కింద నుంచి పోతుంది.

"మూత వెయ్యడమే" అన్నాడు చూడండి, ఆ మాట ప్రమాదం. 20 లీటర్ల బీరు పులిసేసరికి సుమారు 400 లీటర్ల బొగ్గుపులుసు వాయువు బయటికొస్తుంది. 300 లీటర్ల పెట్టెలో ఆ వాయువు నిండి ఇంకా మిగులుతుంది. అది గాలికంటే బరువు, పైకి లేవదు, అడుగునే పేరుకుంటుంది. పల్నాడు, ప్రకాశం పల్లెల్లో జొన్న పాతరలు చూసిన తరంవాళ్ళకి దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. పాతర తీసిన వెంటనే ఎవరూ లోపలికి దిగేవాళ్ళు కాదు. మూత తీసి వదిలేసి, గాలి ఆడాక దీపం దించి చూసేవాళ్ళు. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు. పాడుబడిన బావిలో పూడిక తీయడానికి దిగి చచ్చిపోయినవాళ్ళ కథలు మన ఊళ్ళల్లో ఎన్ని లేవు! మూతేసిన డీప్‌ఫ్రిజ్ కూడా ఒక చిన్న పాతరే. డ్రమ్ము అడుగు చూద్దామని అందులోకి తలదూర్చి వంగకూడదు. ముందు మూత తెరిచి, కిటికీలు తీసి, కాసేపు బయట తిరిగి రావాలి. డ్రమ్ముకి గాలి పోయే గొట్టం తప్పక ఉండాలి. లేకపోతే పేలేది డీప్‌ఫ్రిజ్ కాదు, డ్రమ్ము.

తడి సంగతి త్వరగా చెప్పేస్తాను. 20 డిగ్రీల దగ్గర నడిచే పెట్టెలో గోడలకి చెమట పట్టి నీళ్ళు అడుక్కి చేరతాయి, బూజు పడుతుంది, రేకు తుప్పు పడుతుంది. ఒక గిన్నెలో కాల్షియం క్లోరైడ్ పెట్టి వారానికోసారి మార్చుకుంటే సరి.

ఇదంతా చెబుతుంటే ఆ ముగ్గురిలో ఒక కుర్రాడు అడ్డుపడ్డాడు. "మన తాతలు ఏ ఫ్రిజ్ పెట్టుకుని కల్లు తాగారు బాబాయ్?" అని. మంచి ప్రశ్నే, కానీ దానికదే జవాబు. తాటి చెట్టు మీంచి పొద్దున దించిన కల్లు మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది, మర్నాటికి సిరకా వాసనేస్తుంది. ఆ ఎండలో ఒక్క ఈస్టే కాదు, రకరకాల బాక్టీరియా కూడా కలిసి పనిచేస్తాయి. అదుపు లేదు కాబట్టే గీత కార్మికులు నీరా కావాలంటే కుండ లోపల సున్నం పూస్తారు, పులవకుండా ఉండటానికి. కల్లుకి అందం దాని తొందరలో ఉంది. ఆ రుచిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. బీరుకి ఆ తొందర పనికిరాదు. మామూలు ఏల్ ఈస్టుని 35 డిగ్రీలలో వదిలేస్తే ఘాటైన సారాలు పుట్టి, గోళ్ళరంగు డబ్బా మూత తీసినట్టు వాసనొస్తుంది, మర్నాడు తల పగులుతుంది.

నా మేనల్లుడు తెలివైనవాడు, ఊరికే వదల్లేదు. నార్వే పల్లెల్లో క్వైక్ అనే ఈస్టు ఉందట, 35, 40 డిగ్రీలలో కూడా శుభ్రంగా పులియబెడుతుందట. అది నిజమే. ఒప్పుకుంటాను. కానీ అల్లుడూ, ఆ ఈస్టు దొరికాక డీప్‌ఫ్రిజ్ ఎందుకు? నీ వాదనకి నువ్వే బెజ్జం వేసుకున్నావు, అదీ పక్క రేకుకి.

ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. గుంటూరు మిర్చిని నెలల తరబడి ఎర్రగా కాపాడే అమ్మోనియా మిషన్ల వంశవృక్షం తిరగేస్తే మొదట్లో కనిపించేది బీరే. 1873లో మ్యూనిక్ నగరంలోని స్పాటెన్ బీరు కంపెనీ కోసం కార్ల్ లిండే తన మొదటి చలిమిషను పెట్టాడు. 1876కల్లా అమ్మోనియాతో నడిచేది తెచ్చాడు. అంతకుముందు వాళ్ళు శీతకాలంలో చెరువుల మీద మంచుగడ్డలు కోసి, నేలమాళిగల్లో దాచుకుని, ఎండాకాలం నెట్టుకొచ్చేవాళ్ళు. ఆ కంపెనీ లిండేని అడిగింది బీరు పులియబెట్టే మిషను కాదు, పులిసే బీరుని హద్దు దాటకుండా పట్టుకునే మిషను. నూటయాభై ఏళ్ళ తర్వాత కూడా చేసే పని అదే. నా ఉద్యోగం కూడా ఆ పనిలోంచి పుట్టిందే కాబట్టి బీరు మీద నాకు కక్షేమీ లేదు.

ఇప్పుడు పెద్దాయన మాట. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో పదిమందికి పైగా చనిపోయారు. నిజం. వాళ్ళు తాగింది ఇంట్లో కాచిన బీరు కాదు, శానిటైజర్. కరోనా కట్టడిలో అక్కడ మందు దుకాణాలు మూతపడి ఉన్నాయి. ఆ చావుల్ని తెచ్చి బార్లీ రసం మీద రుద్దితే చనిపోయినవాళ్ళకీ న్యాయం జరగదు, బతికున్నవాళ్ళకీ బుద్ధి రాదు. కళ్ళు పోగొట్టేది మిథైల్ ఆల్కహాల్. పండ్లలోని పెక్టిన్ విరిగినప్పుడు అది కాస్త ఎక్కువ వస్తుంది. బార్లీలో పెక్టిన్ నామమాత్రం. మామూలుగా పులిసిన బీరులో కళ్ళు పోయేంత మిథైల్ ఆల్కహాల్ రాదు. కల్తీ సారాలో కంపెనీ స్పిరిటు కలిపే దుర్మార్గం వేరే కథ. పెద్దాయన భయం మంచిదే కావచ్చు, కానీ భయానికి కారణం తప్పు చెబితే, అది తప్పని తెలిసిన రోజున కుర్రాళ్ళు అసలు భయాన్ని కూడా వదిలేస్తారు.

అసలు భయపడాల్సింది వేరే ఉంది, దాన్ని ఇద్దరూ ఎత్తలేదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968. దాని 13వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచెయ్యకూడదు. సొంతానికే కదా అంటే మినహాయింపు లేదు. తయారీ కోసం సామాను పెట్టుకున్నా నేరమే. 1995 జనవరిలో పెట్టిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు కాబట్టి ఇప్పుడు ఇంట్లో ఏం చేసుకున్నా ఫర్వాలేదని కొందరు నాతోనే వాదించారు. సడలింది నిషేధం, లైసెన్సు కాదు. హైదరాబాదులో కళ్ళెదుట బీరు కాచి పోసే హోటళ్ళున్నాయి. అవి లైసెన్సు తీసుకున్నవి. అమెరికాలో 1978 అక్టోబరులో కార్టర్ సంతకం చేసిన చట్టం పుణ్యాన ఇంటి బీరుకి పన్ను మినహాయింపొచ్చింది. పెద్దవాడొక్కడే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ అంతకంటే ఎక్కువమంది గానీ ఉంటే 200. అయినా రాష్ట్రాల ఇష్టం వాటికుంది, అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. అంటే అక్కడ కూడా ముప్పై అయిదేళ్ళు పట్టింది. డాలస్ గరాజ్‌లో సరదాగా ఉన్న పని మన ఊళ్ళో పోలీసు కేసౌతుంది. మన చట్టం మారాలి అని ఎవరన్నా వాదిస్తే వింటాను, అందులో న్యాయం కూడా ఉందేమో. కానీ చట్టం సంగతి దాచిపెట్టి పక్కింటి కుర్రాళ్ళకి డ్రమ్ములు కొనిపించడం మాత్రం పెద్దమనిషి తరహా కాదు. సెలవు అయిపోగానే తను విమానం ఎక్కుతాడు. స్టేషన్ మెట్లెక్కేది వీళ్ళు.

నా దగ్గరికొచ్చిన ముగ్గురిలో ఇద్దరికి ఇదంతా చెప్పి పంపేశాను. మూడోవాడి తల్లి ఒంగోలులో టిఫిన్ బండి నడుపుతుంది. వాడికి మాత్రం నా పాత పెట్టె ఇచ్చేశాను. కంట్రోలర్ నేనే బిగించాను, సెన్సర్‌ని పిండి గిన్నె పక్కకి ఆనించి టేపు చుట్టాను, 28 మీద పెట్టాను. మే నెలలో రాత్రి పదింటికి రుబ్బిన దోసెల పిండి తెల్లవారి నాలుగింటికే గిన్నె దాటి పొర్లేది, ఎనిమిదింటికి పుల్లగా అయిపోయి పారబోసేవాళ్ళు. ఇప్పుడు ఐదింటికి సరిగ్గా పొంగి ఉంటోంది. మధ్యాహ్నం బేరానికి కూడా అదే పిండి సరిపోతోందని మొన్న ఫోన్ చేసి చెప్పింది.